జేబులో దాచిన మీటర్లు

తూర్పు ముఖం క్వార్టర్స్,
ఫిబ్రవరి 3

మా డిక్షనరీ బామ్మర్దికి,

కొండకి ఆ పక్క నువ్వు తవ్వుతున్నావు, ఈ పక్క నేను తవ్వుతున్నాను. మధ్యలో రాయి. ఆ రాయి లేకపోతే సాయంత్రం పూట సొరంగంలోంచి నడుచుకుంటూ వచ్చి, నీ గదిలో కూర్చుని, నీ బుర్ర తినేవాణ్ణి. ఉంది కాబట్టి ఈ ఉత్తరం. సామాన్ల లారీ కొండ చుట్టూ తిరిగి నీ దగ్గరికి చేరేసరికి రెండు రోజులు పడుతుంది. ఫోన్ ఉందిగా అనకు. ఆఫీసు ఫోన్ గుమాస్తా చెవి పక్కన ఉంటుంది. నాకు జలుబు చేసిందని దాంట్లో చెబితే మర్నాటికి క్యాంపంతా తుమ్ముతుంది.

సంగతేమిటంటే, మీ పక్క మకాం పెట్టిన కొత్త మేనేజరు మొన్న జీపులో ఇటు వచ్చాడు. పోతూ పోతూ మా సొరంగం నోటి దగ్గర ఒక నల్లబల్ల పాతించాడు. దాని మీద తెల్లరంగుతో పెద్ద అక్షరాల్లో ‘హెడ్‌వే’ అని రాయించాడు. కింద ఒక పక్క తూర్పు, ఇంకో పక్క పడమర. ఏ వారం ఎవరు ఎన్ని మీటర్లు కొట్టారో అందులో వెయ్యాలట. మీ దగ్గరా పెట్టించే ఉంటాడు.

అప్పట్నుంచీ మావాళ్ళకి ఆ మాట పిచ్చి పట్టింది. పాలు తక్కువైతే టీలో హెడ్‌వే లేదంటున్నారు. డిస్పెన్సరీలో మీ అక్క దగ్గర కట్టు మార్పించుకోవడానికి వచ్చినవాడొకడు "సిస్టరమ్మా, నా పుండులో హెడ్‌వే ఉందా?" అని అడిగాడట. నర్సు ఉద్యోగం చేసిన ఇన్నేళ్ళలో మీ అక్క అంతగా నవ్వడం నేను చూడలేదు. అర్థమేమిటని నన్ను అడిగారు. ఫోర్‌మన్‌ని అయ్యుండి తెలీదంటే బాగుండదని, తల పెట్టి తోసుకుపోవడం అని చెప్పి గట్టెక్కాను. నువ్వు సాయంత్రం క్లాసులకి పోయి ఇంగ్లీషు చదివినవాడివి కదా. అసలు అర్థం రాయి. తప్పయితే నాకు మాత్రమే తెలిసేట్టు రాయి.

రాయి ఎలా ఉంది మీ పక్క? మాది ఇనపగుండు.

మీ బావ


పడమర ముఖం,
ఫిబ్రవరి 7

బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పిన అర్థం చదివి ఒక్కణ్ణే పగలబడి నవ్వాను. గుమ్మం ముందు నుంచి పోతూ చూసిన పక్కగది డ్రిల్లరు ఏమైందని సైగ చేశాడు. ఆయనకి చెవుడు. ముప్పై ఏళ్ళు డ్రిల్లు మిషను పట్టుకుని చెవులు దానికే ఇచ్చేశాడు. నవ్వుతున్నవాణ్ణి చూస్తే ఆయనకీ నవ్వొస్తుంది. ఇద్దరం కాసేపు కారణం లేకుండా నవ్వుకున్నాం.

ఇక మాట సంగతి. అది మొదట ఓడలవాళ్ళ మాట అట. ఓడ ముక్కు ఉన్న వైపుకి ఓడ కదిలితే దాన్ని హెడ్‌వే అంటారు. ఎదురుగాలి కొడుతున్నా, అలలు వెనక్కి తోస్తున్నా, అన్నీ పోగా ఎంత ముందుకొచ్చిందో అంత. ఇంజను ఎంత మోత పెట్టినా, లోపలివాళ్ళు ఎంత చెమటోడ్చినా ఓడ ఉన్నచోటే ఉంటే ఆ మాట వాడకూడదు. అంటే అది కష్టానికి పేరు కాదు బావగారూ, కదలికకి పేరు. తరవాత దాన్ని అన్ని పనులకీ వాడుకున్నారు. చర్చల్లో, దర్యాప్తుల్లో, చదువుల్లో. మనం ‘పని సాగుతోంది’ అంటాం చూడండి, ఆ సాగడమే. పేపర్లలో పురోగతి అని రాస్తారు గానీ, పురోగతి అంటే సభలో మాట్లాడుతున్నట్టుంటుంది.

ఇంకో రెండు తమాషాలు. ఆ మాట ఎక్కువగా లేదని చెప్పడానికే వాడతారట. చర్చల్లో ఏమీ హెడ్‌వే లేదు, కేసులో హెడ్‌వే లేదు, ఇలాగన్నమాట. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉందని మనం అంటామే, అక్కడ. రెండోది, దాన్ని లెక్కపెట్టకూడదు. ఒక హెడ్‌వే, రెండు హెడ్‌వేలు అంటే తప్పు. ఉంది, లేదు, కొంచెం ఉంది, చాలా ఉంది, అంతే.

మా పక్క రాయి పరవాలేదు. పగుళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అక్కని అడిగానని చెప్పండి.

మీ బామ్మర్ది


తూర్పు ముఖం,
ఫిబ్రవరి 11

డిక్షనరీ,

లెక్కపెట్టకూడని మాటని బల్ల మీద రాసి దానికి లెక్క చెప్పమంటున్నాడా ఆ మహానుభావుడు! ఇదెక్కడి చోద్యం. నీ ఉత్తరం మావాళ్ళకి చదివి వినిపించాను, నా అర్థం గురించి రాసిన ముక్క తప్ప.

లెక్క అంటే గుర్తొచ్చింది. మన సర్వేయరు మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు, తెలుసు కదా. రెండు పక్కలకీ టేపు పట్టుకుని తిరిగేవాడు అతనొక్కడే. అతను లేచి వచ్చేదాకా మన నోటి మాటే కొలత. బల్ల ప్రకారం మన ఇద్దరి మధ్యా ఇంకా తొంభై మీటర్ల రాయి ఉంది. అది ముప్పైకి వచ్చిన రోజున రూలు ప్రకారం ఒక పక్క పని ఆపెయ్యాలి, రెండో పక్కవాళ్ళే తెరవాలి. బల్ల మీద ఎవరు ముందుంటే తెరిచేది వాళ్ళు.

నీకొక మాట చెప్పాలి. నేను పని చేసిన సొరంగాలన్నిటిలోనూ ఆ ముప్పై మీటర్ల దగ్గర ఆగమన్నది నన్నే. ఒకచోట అనారోగ్యం, ఒకచోట నీళ్ళు, ఒకచోట నా కర్మ. అవతలివాడు తెరుస్తుంటే ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాను. దుమ్ము కాస్త సర్దుకోగానే ఆ కంతలోంచి గాలి వస్తుంది చూడు, అవతలి ఊరి గాలి, అది ఎప్పుడూ ముందు తెరిచినవాడి మొహానికే తగిలింది. ఇదే నా ఆఖరి సొరంగం. తరవాత మోకాళ్ళు ఒప్పుకోవు. ఈసారి నేనే తెరుస్తాను. ఎలాగని అడక్కు. బల్ల మీద నువ్వు నాలుగు మీటర్లు ముందున్నావని మురిసిపోకు. ఆఖరి వారం నీ బావ జేబులోంచి ఏం తీస్తాడో చూద్దువుగాని.

మీ అక్క కులాసా. నిన్ను సరిగ్గా తినమంది.

బావ


పడమర ముఖం,
ఫిబ్రవరి 16

బావగారికి,

నమస్కారాలు. ఈ ఉత్తరం అక్కకి చదివి వినిపించకండి.

నిన్న మధ్యాహ్నం షిఫ్టులో మా చెవిటి డ్రిల్లరు మిషను ఆపి, చెయ్యి ఎత్తాడు. రాతి మీద అరచెయ్యి ఆనించి నన్ను రమ్మన్నాడు. నేనూ ఆనించాను. సన్నగా గిలిగింతలు పెట్టినట్టు రాయి అదురుతోంది. చెవి పెడితే మీ డ్రిల్లు చప్పుడు వినిపించింది. గట్టి రాయిలో చప్పుడు చాలా దూరం పోతుందని నాకూ తెలుసు. అందుకని ఊరుకున్నాను. కానీ సాయంత్రం మీరు మందు పేల్చినప్పుడు మా గోడ మీద కారే నీళ్ళు చెదిరిపోయాయి. పైనుంచి కంకర రాలింది. బల్ల ప్రకారం మధ్యలో డెబ్బై పైచిలుకు ఉండాలి. డెబ్బై మీటర్ల రాయి అవతలినుంచి కంకర రాలుతుందా?

మీరు జేబులోంచి తీస్తానన్నది మీటర్లేనా బావగారూ? మన పనిలో ఫోర్‌మన్లు మంచి వారంలో కొట్టినదంతా చెప్పకుండా, చెడ్డ వారం కోసం రెండు మూడు మీటర్లు వెనకేసుకుంటారని నాకు తెలుసు. మీరే నేర్పారు. ఎంత వెనకేశారో నాకు మాత్రం చెప్పండి. బల్ల మీద వెయ్యక్కర్లేదు. నాకు తిండి సయించడం లేదు. షిఫ్టు మారినప్పుడల్లా వెళ్ళి ఆ రాయి మీద చెయ్యి పెట్టి వస్తున్నాను. లోపలున్న వాళ్ళని లెక్కపెట్టుకుంటున్నాను. కూర్చోలేను, పడుకోలేను. మీరు ఒక అంకె రాస్తే చాలు.

మీ బామ్మర్ది


తూర్పు ముఖం,
ఫిబ్రవరి 20

బామ్మర్దికి,

చెవిటివాడు విన్న చప్పుడుకి నేను పని ఆపాలా? బాగుందిరా నీ వరస!

ఇంతకుముందు ఒక కొండలో ఎంతో దూరంనించి అవతలివాళ్ళ సుత్తి దెబ్బలు విన్నాను. రాయి చాడీలు చెప్పే రకం. దానికి దగ్గరా దూరం ఉండదు. కంకర అంటావా, మీ పక్క నీళ్ళు కారి కారి కప్పు వదులైపోయింది, నువ్వు తుమ్మినా రాలుతుంది. కప్పుకి ఇనప పట్టీలు వేయించు.

నువ్వెందుకు అడుగుతున్నావో నాకు తెలీదనుకున్నావా? నా అంకె తెలిస్తే, ఆఖరి వారంలో దానికి ఒకటి ఎక్కువ వేసి బల్ల మీద రాసుకుంటావు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు నా బామ్మర్ది! ఎత్తు బానే వేశావు గానీ, ఆ విద్య నేర్పినవాడి దగ్గరే ప్రయోగించావు. ఇంగ్లీషు నువ్వు నేర్చుకున్నావు, రాయి నేను నేర్చుకున్నాను. రెండింటికీ తేడా ఉంది.

బెంగ పెట్టుకోకుండా తిను.

బావ

తమ్ముడూ, ఆయన ఉత్తరం అంటించమని ఇస్తే కింద ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మీ ఇద్దరి మధ్యా ఏం జరుగుతోందో నాకు పూర్తిగా తెలీదు. ఈయన కంచం ముందు కూర్చుని సగంలో లేచి సొరంగంలోకి పోతున్నారు. కలలో కూడా ‘తెరిచాను, తెరిచాను’ అంటున్నారు. నీకింకా బోలెడు వయసుంది, ఎన్నయినా తెరుస్తావు. ఈ ఒక్కసారి ఆయన్ని గెలవనీ. అక్క అడిగిందనుకో. జాగ్రత్త. - అక్క


పడమర ముఖం,
ఫిబ్రవరి 24

బావా,

ముందు నాది చెబుతాను. నా జేబులో పద్నాలుగు మీటర్లున్నాయి. బల్ల మీద వేసిన దానికంటే పద్నాలుగు ముందున్నాను. నువ్వు ఆఖరి వారం తీద్దామనుకున్నట్టే నేనూ ఆఖరి వారం తీద్దామనుకున్నాను. నువ్వు చూసి తెల్లబోతావని, ఆ తరవాత ఇద్దరం నవ్వుకుంటామని అనుకున్నాను. దొందూ దొందే.

ఇప్పుడు నీది చెప్పు. బల్ల మీద యాభై చిల్లర ఉంది. నాది తీసేస్తే నలభై. నీది ఎంత తియ్యాలో నువ్వు చెబితే గానీ మిగిలింది రాయో, గోడో, పలకో తెలీదు. నువ్వు దాచినవాడివి ఒకటీ రెండూ దాచవు. నాకు నువ్వు తెలుసు. నువ్వు మందు నిండా కూరి పేల్చిన రోజున నా మనుషులు అవతల నిలబడి ఉంటారు. నువ్వూ అంతే, నేను పేల్చినప్పుడు నీవాళ్ళు.

గెలుపు నీకే. నాకు వద్దు. అక్క అడిగినందుకు కాదు, ఇదే నీ ఆఖరి సొరంగమని నువ్వు రాసిన రోజే వదిలేశాను. నేను రోజూ కొంచెం కొంచెంగా కొడుతున్నాను, చిన్న మందు పెడుతున్నాను. నువ్వు ఒక్క అంకె రాసి పంపు, రూలు ప్రకారం నేనే ఆగుతాను. మేనేజరుకి నేను నీ గురించి చెప్పను. నీ పేరు నా నోట రాదు. నీ అంతట నువ్వే చెప్పు, నాకయినా, వాడికయినా. లారీ డ్రైవరుకి దారిలో ఎక్కడా ఆగొద్దని చెప్పాను.

బావా, నిన్ను బతిమాలుతున్నాను.

నీ బామ్మర్ది


తూర్పు ముఖం,
ఫిబ్రవరి 27

మహారాజశ్రీ పడమర ముఖం ఫోర్‌మన్ గారికి,

అక్కని నాకిచ్చిన నాటినించీ నన్ను మీరు అన్నావు. మొన్నటి ఉత్తరంలో నువ్వు అయ్యాను. పద్నాలుగు మీటర్లు ముందుంటే మనిషికి ఇంత పొగరు వస్తుందని నాకు తెలీదు. రెండుసార్లు చదివాను, కళ్ళు చెదిరి తప్పు చదివానేమోనని. మీ అక్కకి చూపించలేదు.

అసలు ఆ పద్నాలుగు నిజమైతే కదా. నిజంగా ఉన్నవాడు ముందే చెబుతాడా? నేను అయ్యో పాపం అని కరిగిపోయి నాది విప్పాలి, నువ్వు పట్టుకుపోయి ఆ మేనేజరుకి చూపించాలి, వాడు నన్ను పక్కన పెట్టాలి. గెలుపు నాకే అంటావు, ఆ గెలుపు నీ చేత్తో దానం చేస్తున్నట్టు అంటావు! దానం పుచ్చుకోవడానికి ఇన్నేళ్ళు రాయి కొట్టలేదు.

అయినా నీ మాట పట్టుకుని ఈ ఉదయం మావాళ్ళందర్నీ బయటికి పంపి, ఒక్కణ్ణే వెళ్ళి రాతికి చెవి ఆనించి కూర్చున్నాను. చాలాసేపు కూర్చున్నాను. ఏమీ లేదు. నా గుండె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. అరచెయ్యి కూడా పెట్టాను. నువ్వు దగ్గర్లో ఉంటే వినపడవా? దగ్గర్లో లేవు. ఎక్కడో దూరంగా కూర్చుని కథలు రాస్తున్నావు.

మావాళ్ళు పొద్దున్నే అడుగుతున్నారు, ఏమిటి సార్ మొహం అలా ఉంది అని. నాకు ఏ పనీ నిలకడగా చెయ్యబుద్ధి కావడం లేదు. తొందరగా అయిపోతే బాగుండును. మందు ఇంకాస్త పెంచాను.

ఫోర్‌మన్, తూర్పు ముఖం


పడమర ముఖం,
ఫిబ్రవరి 28

బావగారికి,

మీ జవాబు ఇంకా రాలేదు. దారిలో ఉందేమో. దాని కోసం ఆగలేను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొన్న ఇరవయ్యారున మీరు పేల్చినప్పుడు మా గోడలోంచి ఒక పెచ్చు ఊడి పడింది. పెచ్చంటే చిన్నది కాదు, తలుపంత ఉంది. ఎవరికీ తగల్లేదు. ఆ క్షణాన్నే పని ఆపించి అందర్నీ బయటికి తెచ్చేశాను. అప్పట్నుంచీ మా పక్క ఒక్క మిషను కూడా తిరగలేదు.

మేనేజరు గదికి పోయి నా పద్నాలుగు మీటర్ల సంగతి చెప్పేశాను. బల్ల మీద నలభై ఎనిమిది ఉంది. అందులోంచి పద్నాలుగు తీసేసి, "ఇంకా ముప్పైనాలుగు ఉందిగా? ముప్పైకి పైన ఉంటే రెండు పక్కలా పని చెయ్యొచ్చు. ఎందుకు ఆపావ్?" అన్నాడు. లెక్క ప్రకారం అతను చెప్పింది రైటే. మీరు ఎంత దాచారో చెబితే తప్ప నా భయానికి ఆధారం లేదు. చెప్పలేదు. కప్పు బాలేదన్నాను, నీళ్ళన్నాను. కప్పు చూసిన ఇంజనీరు బానే ఉందన్నాడు. దొంగలెక్క రాసినందుకూ, పని ఆపినందుకూ నన్ను తీసేశారు. "హెడ్‌వే అంటే ఏమిటో నీకు ఈ జన్మకి అర్థం కాదు" అని కూడా అన్నాడు మేనేజరు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను.

కొత్త ఫోర్‌మన్‌ని వేశారు. మళ్ళీ మనుషుల్ని లోపలికి పంపాలని చూస్తున్నారు. వాళ్ళ సంగతి నేను చూసుకుంటాను. ఆ తరవాత ఈ గది ఖాళీ చేసి, రైలు స్టేషను ఉన్న ఊళ్ళో మిషన్లు రిపేరు చేసే నా స్నేహితుడి షెడ్డు పైన ఉంటాను. చిరునామా వెనక రాశాను.

మీరు ఎంత దాచినా నాకు కోపం లేదు. మందు తగ్గించండి. పేల్చే ముందు గట్టిగా ఈల వెయ్యండి. మీ లెక్క మీదే, నా దగ్గర భద్రంగా ఉంటుంది.

మీ బామ్మర్ది


రైలు స్టేషను,
మార్చి 4

నాయనా,

నేను ఇరవై ఆరు మీటర్లు దాచాను. ముందు ఆ అంకె రాసెయ్యనీ. నువ్వు అడిగిన అంకె అదే. నీ పదహారో తారీకు ఉత్తరం అందగానే రాయాల్సింది.

నీ ఇరవై ఎనిమిదో తారీకు ఉత్తరం నాకు రెండో తారీకు సాయంత్రం అందింది. ఆ పొద్దున్నే తెరుచుకుంది.

నిండా మందు కూరాను. మూడు మీటర్ల రాయి పడుతుందని పెట్టిన మందు అది. అవతల ఇంకా పదిహేను పైచిలుకు ఉందన్న ధీమాతో మనిషి ఎంత పెడతాడో అంతా పెట్టాను. పేలిన చప్పుడే తేడాగా వచ్చింది. ఎప్పుడూ గుండెలో గుద్దినట్టుంటుంది, ఈసారి అవతలికి పారిపోయినట్టు వినిపించింది. తరవాత మా మొహాల మీదికి గాలి వచ్చింది. చల్లటి తడిగాలి. మావాళ్ళు కేకలు పెట్టారు, నన్ను ఎత్తుకున్నారు. ఎన్నేళ్ళు ఎదురుచూశాను ఆ గాలి కోసం! అది తగలగానే వాళ్ళ చేతుల్లోంచి కిందికి దిగిపోయాను. ఎందుకంటే అప్పుడు నాకు నీ లెక్క అర్థమైంది. నీ పద్నాలుగు నిజం.

దుమ్ము సర్దుకోకముందే కంతలోంచి దూరాను. వెనకనుంచి ఆగమంటున్నారు, ఆగలేదు. అవతల నీ మిషను స్టాండు వంగి, నలిగి, రాళ్ళకింద ఉంది. నీవాళ్ళు కూర్చునే బల్ల రెండు ముక్కలైంది. నేను పేల్చింది వాళ్ళు షిఫ్టులోకి దిగే వేళ, నాకా వేళ తెలుసు. బండరాళ్ళ మధ్య మోకాళ్ళ మీద పాకుతూ చేతులతో వెతికాను. ఒక టోపీ అయినా, ఒక చెప్పయినా దొరుకుతుందని వెతికాను. "ఎవరైనా ఉన్నారా" అని ఎన్నిసార్లు అరిచానో నాకు తెలీదు. ఎవరూ లేరు. ఊడ్చినట్టు ఉంది.

దీపం పట్టుకుని మీ పక్క సొరంగం అంతా నడిచాను. నోటి దగ్గర వెలుతుర్లో నీవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. చెవిటి డ్రిల్లరే ముందుకొచ్చి నా భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. వాళ్ళు చెప్పారు నువ్వు రాయని సంగతులు. నిన్ను తీసేశాక కూడా నువ్వు వెళ్ళలేదట. సొరంగం నోటికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నావట. కొత్త ఫోర్‌మన్ లాగేయించినా మళ్ళీ వచ్చి కూర్చున్నావట. లోపలికి పోవాలంటే నన్ను తొక్కుకుంటూ పోండి అన్నావట. ఎందుకని అడిగితే కారణం చెప్పలేదట. కారణం చెప్పని మనిషి మాట విని వాళ్ళంతా పని మానేశారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు నీ చుట్టూ కూర్చున్నారట. ఒకటో తారీకు సాయంత్రం, వాళ్ళు ఇక ఎవరు పిలిచినా లోపలికి పోమని మాట ఇచ్చాకే నువ్వు బస్సెక్కావట. ఆ మర్నాడు పొద్దున నేను పేల్చాను.

నేను మీటర్లు దాచానన్న ఒక్క ముక్క నువ్వు చెప్పేసి ఉంటే నీ ఉద్యోగం నీకుండేది. నా పరువు కోసం కదా నోరు కుట్టుకున్నావు. నేనేమో నీకు పొగరన్నాను. ఆ ఇరవై ఏడో తారీకు ఉత్తరం నీకు చేరకుండా లారీని ఏ లోయలోకో తోసెయ్యాలనిపించింది. డ్రైవరుని అడిగితే, ఇచ్చేశాను సార్ అన్నాడు.

మధ్యాహ్నం మేనేజరు వచ్చాడు. చెయ్యి ఊపి ఊపి అభినందించాడు. అనుకున్న తేదీ కంటే ముందే తెరుచుకుందట. ఫోటోవాణ్ణి తెచ్చాడు. కంత ముందు నన్ను నిలబెట్టాడు. అప్పుడు అందరి ముందూ చెప్పాను. "అయ్యా, నేను ఇరవై ఆరు మీటర్లు దాచాను, అతను పద్నాలుగు దాచాడు. అతను చెప్పాడు, నేను చెప్పలేదు. ఈ రాళ్ళ కింద పదిమంది ఉండేవాళ్ళు. లేకపోవడానికి కారణం మీరు తీసేసిన మనిషి" అన్నాను. ఫోటోవాడు కూడా కెమెరా దించేశాడు. మేనేజరు నన్ను పక్కకి తీసుకెళ్ళి చాలా మెత్తగా మాట్లాడాడు. "తెరుచుకుంది కదా. ఎవరికీ ఏమీ కాలేదు కదా. ఇప్పుడు ఈ లెక్కలెందుకు పెద్దాయనా" అన్నాడు. నీ ఉద్యోగం అడిగాను. పని ఆపినవాణ్ణి మళ్ళీ ఎలా తీసుకుంటాం అన్నాడు. రెండు పక్కల బల్లల మీదా హెడ్‌వే దగ్గర ‘పూర్తి’ అని రాయించాడు. కదలికకి పేరని రాశావు నువ్వు. ఆ వారంలో మన ఇద్దరిలో ఎవరు కదిలారో, ఎవరు ఉన్నచోటే ఉన్నారో ఆ బల్లకి తెలీదు.

నేను ఫోటోకి నిలబడలేదు. తాళాలు, ఈల, దీపం ఇచ్చేసి వచ్చేశాను. తెరిచానన్న సంతోషం నాలో వెతుక్కున్నాను. ఎక్కడా లేదు. ఇక ఆ మాట ఎవరి దగ్గరా ఎత్తను.

మీ అక్కకి అంతా చెప్పాను. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. నా ఉత్తరం కింద రాసిన ఆ నాలుగు ముక్కలు తను రాయకుండా ఉండాల్సిందని మాత్రం అంది. నిన్ను చూడాలంటోంది. సామాన్లు సర్దుకుని రేపు వస్తుంది. నేను ఆగలేక ముందు బయల్దేరాను. నీ షెడ్డు ఇక్కడికి రెండు వీధుల అవతల అని పోర్టరు చెప్పాడు. ఒకసారి వీధి మొదటిదాకా వచ్చాను. కింద మిషన్లు, పైన నీ కిటికీ. నువ్వు తువ్వాలు ఆరేస్తున్నావు. వెనక్కి వచ్చేశాను. ఇక్కడ బెంచీ మీద కూర్చుని ఇది రాస్తున్నాను.

నీకు తెలుసు, మాటల్లో నన్ను ఎవరూ గెలవలేరు. కానీ నీ ఎదుట నిలబడితే నా నోరు పెగలదు. అందుకని ఈ ఉత్తరం పట్టుకుని నేనే వస్తాను. తలుపు తట్టి, నీ చేతిలో పెట్టి, గుమ్మంలోనే నిలబడతాను. నువ్వు చదవడం అయ్యేదాకా నిలబడతాను. చదివాక పొమ్మంటావో, రమ్మంటావో, ముందు నువ్వే మాట్లాడాలి.

నీ బావ